మంచాల వ్యాను మీద పడిన నా కండ్లు

నా చిన్నప్పుడు ఒక పొద్దంతా నా కండ్లంటే నాకే భయం వేసింది. ఇప్పుడు చెప్తే మనవరాళ్ళు పకపకా నవ్వుతారు. నవ్వుకోనీ. ఆ భయం ఎట్ల వచ్చిందో తెలియాలంటే ముందు నాలో ఎంత కుళ్ళు ఉండేదో చెప్పాలి. అది చెప్పటానికి నాకేం సిగ్గు లేదు. ఓర్వలేనితనం లేని మనిషి ఎక్కడన్నా ఉంటే చూపియ్యండి, వాళ్ళ కాళ్ళు కడిగి ఆ నీళ్ళు నెత్తిన చల్లుకుంటాను.

మాది మార్కాపురం. మా తాలూకాలు కర్నూలు నుంచి విడిపోయి కొత్త జిల్లాలో కలిసిన కొత్తలు. మా నాయన పలకల ఫ్యాక్టరీలో పని చేసేవాడు. గని నుంచి వచ్చిన నల్లరాయి అంచున ఉలి పెట్టి సుత్తితో మెల్లగా తడితే, ఆ రాయి పొరలు పొరలుగా విడిపోయేది. సాయంత్రం ఇంటికొచ్చేసరికి ఆయన కనుబొమ్మల మీద కూడా రాతిదుమ్మే. ఇంట్లో అమ్మ, అవ్వ, చంటి తమ్ముడు, నేను, ఒక బర్రె.

గోడకు అవతల పక్కింటి మామ వాళ్ళు ఉండేవాళ్ళు. ఆయన గనుల నుంచి ఫ్యాక్టరీలకు రాయి తోలే లారీ డ్రైవరు. వాళ్ళు సాయిబులు, ఇంట్లో ఉర్దూ, మాతో తెలుగు. అయినా ఆయన మాకు మామే, ఆయన భార్య మాకు అత్తే. ఆ వరసలు ఎవరు కలిపినారో నాకు తెలీదు, నేను పుట్టేసరికే కలిసి ఉన్నాయి. వాళ్ళకు ఒక్కతే బిడ్డ. మామ బిడ్డ వరసకు వదినే గానీ, నాకంటే ఏడాది పెద్దది గనక అక్కా అనే పిలిచేదాన్ని. ఇద్దరిదీ ఒకటే తరగతి. బడికైనా, బావికైనా, రేగుపండ్లకైనా ఇద్దరమే పోయేవాళ్ళం. నాకు ఇంకో స్నేహితురాలు లేదు, అవసరమూ రాలేదు.

ఒకనాడు మేం బడి నుంచి వస్తా ఉంటే, మామ లారీ వెనక ఇనుప గొలుసుతో కట్టిన ఇంకో బండి ఈడ్చుకుంటా మా వీధిలోకి వచ్చింది. బేస్తవారిపేట దగ్గర ఒక నూనె మిల్లు వెనకాల ఏండ్ల తరబడి పడి ఉన్నదంట. ఎప్పుడో ఖనిజాల సర్వేకని వచ్చిన దొరలు అడవి అంచున దాంట్లోనే వండుకుని, దాంట్లోనే పడుకుని తిరిగినారంట. చెడిపోయినాక అక్కడే వదిలేసి పోయినారు. ఆ తర్వాత మిల్లు ఆసామి కోళ్ళు దాంట్లో గుడ్లు పెట్టుకుంటా ఉన్నాయి. మామ ఆ దారిన పోయినప్పుడల్లా లారీ ఆపి దాన్ని చూసి వచ్చేవాడంట. చివరికి ఆసామి దగ్గర కొనేసి లాక్కొచ్చినాడు.

వీధి వీధంతా చూడను వచ్చింది. పైరేకు తుప్పు పట్టి జల్లెడ అయిపోయింది. అద్దాలు సగం లేవు. తలుపు తెరిస్తే కోడిరెట్ట కంపు గుప్పున కొట్టింది. అత్త కొంగు ముక్కుకు అడ్డం పెట్టుకుని, "దీన్ని ఏం చేసుకుంటావయ్యా, పాతరేస్తావా" అన్నది. నేను దానికి కోళ్ళ బండి అని పేరు పెట్టినాను. పిల్లలందరూ అదే పేరుతో పిలిచినారు. ఆ పూట నాకు కుళ్ళు లేదు, మహా సంతోషంగా ఉన్నింది. అక్క మాత్రం మూతి ముడుచుకుని ఇంట్లోకి పోయింది.

కుళ్ళు కొళాయి దగ్గర మొదలైంది. అత్త బూడిదా సబ్బూ పెట్టి ఆ బండి లోపలంతా తోమినాక చూద్దుము గదా, రెండు పక్కలా గోడకు మడిచి పెట్టిన మంచాలు ఉన్నాయి. కొక్కెం తీస్తే కిందికి వాలతాయి. బల్ల కూడా మడత బల్లే. ఒక మూల పొయ్యి పెట్టుకోను రేకు కొట్టిన తావు, దాని పైన ఒక నీళ్ళ తొట్టి, ఆ తొట్టికి ఇత్తడి కొళాయి. తిప్పితే నీళ్ళు వస్తాయి! మా ఊళ్ళో బిందెడు నీళ్ళకు ఆడోళ్ళు బావి దగ్గర జుట్లు పట్టుకునే కాలం అది. మా ఇంటికి లేని కొళాయి ఒక తుప్పు బండికి ఉండటమేందని నాకు ఒళ్ళంతా మండిపోయింది.

ఆ తర్వాత దాన్ని కోళ్ళ బండి అనేవాళ్ళు తగ్గిపోయినారు. మంచాల వ్యాను అన్నారు. మామ లారీ దిగంగానే దాని కిందికి దూరేవాడు, బయటికి కాళ్ళు మాత్రమే కనపడేవి. రేడియేటర్‌కు మాట్లు వేయించినాడు. పైరేకుకు అతుకులు కొట్టించి, దాని మీద పాత లారీ పట్ట బిగించినాడు. సీట్లలో కొబ్బరిపీచు కూరి కుట్టించినాడు. ఇంజన్‌ను ముక్కలు ముక్కలుగా ఊడదీసి గోనెపట్టా మీద పరిచి, ఒక్కో ముక్కనూ కిరసనాయిలుతో కడిగి మళ్ళీ బిగించినాడు. చివరికి చిలకపచ్చ రంగు వేసినాడు. అత్త తన పాత చీరలు చించి కిటికీలకు తెరలు కుట్టింది. ఎండ పడితే ఆ బండి మా వీధిలో పెళ్ళికూతురే.

నేను కండ్లల్లో నిప్పులు పోసుకున్నాను. కిటికీ పక్కన మంచం అక్కదంట. తొట్టిలో నీళ్ళు పోసే పని అక్కదంట. రోజూ బడికి పోయేటప్పుడు దాని సంగతులే అడిగేదాన్ని, విని మండిపోయేదాన్ని. మళ్ళీ అడిగేదాన్ని. పుండును గోకకుండా ఉండలేము చూడండి, అట్ల. మనమూ ఒక బండి కొందామని మా నాయనను అడిగితే, "మనకు ఇల్లుంది గదమ్మా, కదలకుండా ఉండేది" అని నవ్వినాడు. కదలకుండా ఉండేది ఎవరికి కావాలి!

అప్పుడు అసలు సంగతి తెలిసింది. మామ లారీ మానేస్తాడంట. వ్యానులో పలకలు వేసుకుని త్రిపురాంతకం మొదలుకొని నంద్యాల దాకా, ఇంకా అవతలికి కూడా, తిరునాళ్ళకూ సంతలకూ తిరిగి అమ్ముతాడంట. ఎక్కడ పొద్దుగూకితే అక్కడే వంట, అక్కడే పడక. అత్తా అక్కా కూడా పోతారంట. ఎప్పుడన్నా వస్తారు, పలకలు నింపుకుంటారు, పోతారు.

నాకు కుళ్ళు రెండింతలైంది. అది కిటికీలో కూర్చుని ఊర్లన్నీ చూస్తుంది, నేను ఇక్కడ బర్రెకు కుడితి పెడతా కూర్చుంటాను. దాని కిందనే ఇంకోటి ఉంది, అది నోటికి రాలేదు. అక్క పోతే నేను ఎవరితో బడికి పోయేది? మధ్యాహ్నం ఎవరి పక్కన కూర్చుని తినేది? ఆ మాట అడిగితే ఏడుపొస్తుంది, నేను ఏడ్చే రకం కాదు. అందుకని "ఆ కోళ్ళ బండి మన ఊరి పొలిమేర కూడా దాటదులే" అన్నాను. అక్క గబగబా ముందుకు నడిచింది. ఆ పొద్దు నుంచి నేను నిద్ర లేస్తానే గోడ మీదుగా దాన్ని చూసి, కదలకూడదు, కదలకూడదు అని అనుకునేదాన్ని. వేరే దండం పెట్టలేదు దేవుడికి.

ప్రయాణం శుక్రవారం. మామ తెల్లవారుజామునే నమాజుకు పోయి వచ్చినాడు. అత్త చక్కెర పెట్టి ఫాతెహా చదివించి వీధిలో అందరికీ పంచింది. మా అవ్వ ఊరుకుంటుందా, చక్రాల కింద నిమ్మకాయలు పెట్టింది. పలకల పెట్టెలు ఎక్కించినారు, వంట సామాన్లు ఎక్కించినారు. అక్క కొత్త గౌను వేసుకుని కిటికీలో కూర్చుంది. మామ ముందర హ్యాండిల్ పెట్టి తిప్పినాడు. గుర్రుమన్నది, ఆగింది. మళ్ళీ తిప్పినాడు. దగ్గినట్టు రెండు శబ్దాలు చేసి ఆగింది. చొక్కా తడిసి ఒంటికి అంటుకుపోయేదాకా తిప్పినాడు. మొగోళ్ళు వెనక నుంచి తోసినారు. నిమ్మకాయలు నలిగినాయి గానీ బండి మాత్రం బతకలేదు. ముందు రోజు సాయంత్రం గుడుగుడుమని ఊరంతా వినపడేటట్టు తిరిగిన ఇంజనే అది.

అందరూ గుసగుసలు పోతా ఉంటే మా అవ్వ మెటికలు విరిచింది. "నరుడి కంటికి నల్లరాయైనా పగులుతుంది. ఏ పాడు కండ్లు పడినాయో" అన్నది.

ఈ సామెత అన్ని ఊర్లలోనూ ఉంది. కానీ మా ఊళ్ళో పుట్టిన పిల్లకు అది సామెత కాదు. నల్లరాయి పగలడం నేను రోజూ చూస్తా ఉన్నాను. ఆ బండరాయి, మా నాయన అంత మెల్లగా తడితే అంత నున్నగా ఎట్ల విడిపోతుందని నాకు ఎప్పుడూ అనుమానమే. ఓహో, ఇదన్నమాట, సగం పని ఎవరి కండ్లో ముందే చేసి పెడతాయన్నమాట అని ఏనాడో తేల్చుకుని ఉన్నాను. కండ్లు రాయినే పగలగొడితే ఇంజన్ ఒక లెక్కా? పొద్దున్నే గోడ మీదుగా చూసి చూసి దాన్ని పగలగొట్టింది నేనే. అవ్వ నా వైపే చూసి అన్నదనిపించింది. ఇంట్లోకి పరిగెత్తినాను.

అప్పుడు పట్టుకుంది భయం. ఇంట్లోకి పోతే ఎదురుగా ఉయ్యాలలో తమ్ముడు. గబుక్కున కండ్లు మూసుకున్నాను. వాడి మీద కూడా నాకు కొంచెం కుళ్ళుండేది, అమ్మ ఒళ్ళో ఎప్పుడూ వాడే గదా. బర్రె దగ్గరికి పోతే బర్రెకేమౌతుందో అని పోలేదు. ధాన్యం గాదె వెనక, గోడ వైపు తిరిగి కూర్చున్నాను. కొంతసేపటికి ఆ గోడను చూడటానికీ భయమేసింది. అమ్మ అన్నానికి పిలిస్తే తడుముకుంటా పోయి, తల వంచుకుని, కండ్లు మూసుకునే తిన్నాను. ఎదురుగా నాయన కూర్చుని ఉన్నాడు. ఆయన కంఠం వినపడతా ఉంది. ఒక్కసారి కూడా ఆయన మొహం చూడలేదు. చూస్తే ఏమన్నా అయిపోతాడేమోనని భయం. కండ్ల కలకేమోనని అమ్మ పసుపు నీళ్ళలో గుడ్డ తడిపి కట్టింది. నాకు అదే మేలనిపించింది.

సందెవేళ అత్త వచ్చింది. మా అమ్మతో ఏదో మాట్లాడి, నా దగ్గర కూర్చుని, గుడ్డ పక్కకు జరిపి చూసింది. నేను రెప్పలు బిగబట్టినాను. "కలక కాదు ఇది" అని మెల్లగా అని, ఇంకేమీ అడగకుండా నా చెయ్యి పట్టుకుని నడిపించుకుని పోయింది. కాలికి ఇనుప మెట్టు తగిలింది. మంచాల వ్యాను ఎక్కించింది! అన్ని రోజులు కుళ్ళి కుళ్ళి, చివరికి ఇట్ల గుడ్డిదాని మాదిరి ఎక్కినాను.

నన్ను మంచం మీద కూర్చోబెట్టింది. పక్కన అక్క ఉందని ఒంటికి తగిలి తెలిసింది. కాళ్ళ దగ్గర కుంపటి వేడి తగులుతా ఉంది. తలుపు మూసిన శబ్దం, కిటికీలు బిగించిన శబ్దం వినపడినాయి. "బండికి నజర్ తీస్తున్నా. మీ అవ్వ దిష్టి అంటుందే, అదే. మా ఇంట్లో దీనికొక పద్ధతి ఉండాది. ఎవరి కండ్లు పడినాయో వాళ్ళే నోరు తెరిచి చెప్పాల. చెప్పినాకనే మిరపకాయలు నిప్పుల్లో వేసేది. ఘాటు వస్తే నజర్ లేదు. ఘాటు రాలేదా, గట్టిగా తగిలినట్టే" అన్నది అత్త.

"ముందు నా కండ్లే" అన్నది. నేను తెల్లబోయినాను. "పెండ్లయిన కాడి నుంచి నా మొహం ఎట్లుందని ఒకనాడు చూడని మనిషి, దీని మొహం పూటపూటా తుడుస్తాండాడు. నా చీరలు చించి దీనికి తెరలు కుట్టినా. కుడతా కుడతా ఎన్ని శాపాలు పెట్టినానో ఆ అల్లాకు తెలుసు. ఇది నా సవతి." ముందు సీటులో మామ గొంతు సవరించుకున్నాడు. ఆయన అక్కడే ఉన్నాడని అప్పుడే తెలిసింది. అత్త ఉప్పూ మిరపకాయలూ తన చుట్టూ తిప్పుకుని, పిడికిలి నా తలకు తాకించింది. "నువ్వు?"

ఇంకేం దాచను? నోరు తెరిస్తే అంతా కక్కేసినాను. కొళాయి గురించి చెప్పినాను, కిటికీ మంచం గురించి చెప్పినాను, పొద్దున్నే గోడ మీదుగా చూసి కదలకూడదని మొక్కుకున్నది చెప్పినాను. "ఇది కదిలితే అక్క పోతుంది గదా అత్తా, నేను ఎవరితో ఉండేది" అని ఏడ్చినాను. ఏడ్చే రకం కాదన్నదాన్ని చూడండి. అత్త తిట్టలేదు. పిడికిలి నా చుట్టూ తిప్పి అక్క దగ్గరికి పోయింది.

అక్కను ఎందుకు అడుగుతుందో నాకు అర్థం కాలేదు. దాని బండి, దాని మంచం, దానికేం కుళ్ళు? అక్క గోటితో మంచం గీకతా ఉన్న శబ్దం వినపడింది. తర్వాత, "నా కండ్లు బండి మీద లేవు అమ్మీ, దీని మీద ఉండాయి" అన్నది. దీని మీద అంటే నా మీద. "ఇది రేపు బడికి పోతుంది. వచ్చే ఏడూ పోతుంది. మేము ఊరూరా పిల్లలందరికీ పలకలు అమ్ముతాం, నేను మాత్రం బడికి పోను. దీన్ని చూస్తే నాకు ఏడుపొస్తాంది. ఇది కోళ్ళ బండి అంటాంటే నాకు ఇంకా కోపం, ఎందుకంటే అది కోళ్ళ బండిగానే ఉంటే బాగుండు అని నేనూ అనుకున్నా."

నేను ఠక్కున కండ్లు తెరిచినాను. గుడ్డ లాగి పారేసి దాని మొహం చూసినాను. దానికేమీ కాలేదు. ముక్కు కారతా ఉంది, అంతే.

అప్పుడు అత్త పిడికిలి విప్పింది. గుప్పెడు ఎండుమిరపకాయలు ఒక్కసారిగా నిప్పుల్లో పడినాయి. తలుపులు మూసిన ఆ చిన్న బండిలో ఘాటు రాక ఏం చేస్తుంది! అందరం దగ్గుతో మెలికలు తిరిగిపోయినాం. "ఘాటు వచ్చింది, నజర్ లేదు, ఎవరిదీ లేదు" అని అత్త దగ్గుతా అరుస్తా తలుపు తన్నింది. ఒకరి మీద ఒకరం పడి వీధిలోకి దూకినాం. మామ కూడా కండ్లు తుడుచుకుంటా వచ్చినాడు. భుజం మీది తువ్వాలుతో అక్క ముక్కు తుడిచినాడు.

అత్త చేసిన మోసం నాకు తర్వాత్తర్వాత తెలిసింది. పెట్రోలు పోయే పైపులో రాత్రికి రాత్రే ఏదో చెత్త అడ్డం పడిందంట. మామ ఆ మధ్యాహ్నమే దాన్ని పట్టుకున్నాడు, పైపు ఊడదీసి ఆరబెట్టినాడు. అత్తకు ఆ సంగతి తెలిసే మా ఇంటికి వచ్చింది. పైపులో చెత్త తియ్యటానికి మామ ఉన్నాడు, నా కండ్లు తెరిపించటానికి ఎవరూ లేరని కుంపటి పెట్టింది. ఆ కుంపట్లో తన బిడ్డ మాట కూడా బయటపడుతుందని మాత్రం ఆమె కూడా అనుకోలేదంట.

మరునాడు పొద్దున మామ మా నాయన దగ్గరికి వచ్చి అరుగు మీద కూర్చున్నాడు. ఇద్దరూ బీడీలు కాల్చుకున్నారు. ఏం మాట్లాడుకున్నారో వినపడలేదు. ఆ సాయంత్రం వ్యాను గుడుగుడుమని కదిలింది. కిటికీ తెర పక్కకు లాగి చెయ్యి ఊపింది అత్త ఒక్కతే. అక్క నా పక్కన నిలబడి, వ్యాను మలుపు తిరిగినాక కూడా చెయ్యి ఊపతానే ఉన్నింది. పుస్తకాల సంచీ మా ఇంట్లో పెట్టుకుంది. బడి నడిచినన్నాళ్ళూ మా ఇంట్లోనే ఉండేది. సెలవులు వస్తే వ్యానులో పోయేది. అట్ల ఏండ్లు గడిచినాయి. మా అమ్మ ఇద్దరికీ జడలు వేసేది, ముందు దానికే వేసేది. అందుకు కూడా నేను కుళ్ళుకున్నాను.

అది చదివి చదివి టీచరమ్మ అయింది. నేను పదో తరగతితో ఆపి పెండ్లి చేసుకుని గిద్దలూరు పోయినాను. ఆపమని నన్నెవరూ అనలేదు, చదువు మీద నాకే మనసు పోలేదు. అయినా దాని చేతిలో హాజరుపట్టీ చూసిన రోజు కడుపు మండింది. మండిందని దాని మొహానే చెప్పినాను. అత్త ఆ సందెవేళ నేర్పించింది అదే, నేను ఇన్నేండ్లూ వదలకుండా పెట్టుకున్నదీ అదే. తోడికోడలు మేడ కట్టినా, ఎదురింటావిడ మనవడికి ఉద్యోగం వచ్చినా, పోయి ఎదురుగా కూర్చుని "అమ్మా, నాకు నిన్ను చూస్తే కుళ్ళుగా ఉంది" అంటాను. ముందు అదిరిపడతారు, తర్వాత నవ్వుతారు. అప్పుడు నేను, "మరి నీ కడుపులో ఏముందో నువ్వు కూడా చెప్పు" అని అడుగుతాను. మొన్నటి దాకా అక్క ఒక్కతి తప్ప, అడిగితే చెప్పని మనిషి నాకు తగలలేదు.

మొన్న ఎండాకాలం మార్కాపురం పోయినప్పుడు అక్క ఇంట్లో దిగినాను. రిటైరైంది. పాత విద్యార్థులు వచ్చి కాళ్ళకు దండాలు పెట్టి పోతా ఉంటే నాకు ఎప్పటి మాదిరే మండింది, ఎప్పటి మాదిరే చెప్పినాను. "నీకేం తల్లీ, అటు మీ అమ్మ, ఇటు మా అమ్మ, పైన చదువు. అన్నీ నీకే వచ్చినాయి. నీకు నా మీద ఏం కుళ్ళు ఉంటుందిలే" అన్నాను. ఎప్పుడూ నవ్వి ఊరుకునేది, ఆ పొద్దు ఊరుకోలేదు.

"జడ వేసేటప్పుడు నువ్వు కదిలితే మీ అమ్మ నీ నెత్తిన ఠంగుమని ఒక మొట్టికాయ వేసేది" అన్నది. "నేను కావాలనే కదిలేదాన్ని. అన్నేండ్లలో నాకు ఒక్కటి కూడా వేయలేదే. ఎంతైనా పక్కింటి బిడ్డను గదా."

మా అమ్మ దాన్ని ముద్దు చేస్తుందని నేను కుళ్ళుకున్న ప్రతి పొద్దూ, అది నా మొట్టికాయలు చూసి కుళ్ళుకుంది. లేచి పోయి, దాని నెరిసిన నెత్తిన, ఎముక తగిలేటట్టు ఒకటి వేసినాను. అబ్బా అని తల రుద్దుకుంది. రుద్దుకుంటానే తల మళ్ళీ ముందుకు వంచి, "ఇంకొకటి వెయ్యవే" అన్నది.